వాసన తెలియని ముక్కు

నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందా అని కళ్ళు చికిలించి చూస్తున్నాడు పంచరు మామ. నల్లబారిన గోళ్ళు, వంగిపోయిన నడుము, చెవి మీద అరిగిపోయిన పెన్సిలు. చిల్లు దొరికాక గుర్తు పెట్టి, ఆకురాయితో గీకి, అతుకు వేసే జిగురుమందు, సొల్యూషన్ డబ్బా వంచాడు. చుక్క లేదు. నిన్న కొన్న డబ్బా! "మా అల్లుడు పనిమంతుడు. అందుకే మందు చాలట్లేదు" అని మురిసిపోయాడు పిచ్చిమారాజు.

అల్లుడంటే చనిపోయిన అక్క కొడుకు. ఇంకా మీసమైనా రాలేదు. "వీణ్ణి మనిషిని చెయ్యరా" అని చేతిలో చెయ్యి వేయించుకుని పోయింది అక్క. మామ బతుకుతున్నది ఆ మాట కోసమే.

అంతలో కానిస్టేబులొచ్చాడు. "నీ మేనల్లుడు ఫోన్ల షాపు తాళం పగలగొడుతూ దొరికాడు. పద."

స్టేషన్లో గోడవారగా ముడుచుక్కూర్చున్నాడు వాడు. కళ్ళు చింతనిప్పులు.

"సొల్యూషన్ పీల్చందే ఉండలేడు, అది కొనడానికే దొంగతనం. ఇంత గుప్పున కొడుతుంటే, పక్కన పడుకునేవాడివి, నీకు తెలీలేదూ?" అన్నాడు కానిస్టేబులు.

మామ తన చేతులు వాసన చూసుకున్నాడు. ఏమీ తెలియలేదు. ఏళ్ళ తరబడి ఆ మందులోనే నానిన ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. ఊరందరికీ కొట్టిన వాసన ఆయనొక్కడికే కొట్టలేదు. దీపం కింద చీకటంటే ఇదే.

తిన్నగా తను రోజూ సొల్యూషన్ కొనే ఎదురుకొట్టుకెళ్ళి నిలదీశాడు. "సైకిలే లేని పిల్లలకి సొల్యూషన్ ఎందుకయ్యా అమ్ముతావు? పీల్చుకోడానికి పైన కవరొకటా!"

"అడిగినవాడికి అమ్ముతా. నీకు అమ్మట్లేదూ?"

వెనకే వచ్చిన కానిస్టేబులు అక్కడే సోడా తాగుతున్నాడు.

"ఈయన్నెందుకు పట్టుకోరండీ?"

"అమ్మడం నేరం కాదయ్యా. తాళం పగలగొట్టడం నేరం."

ఛీ, ఏం న్యాయమిది! చిల్లు పెట్టినవాడు దర్జాగా గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు, గాలి పోయిన ట్యూబుని తీసుకెళ్ళి కటకటాల్లో పడేస్తారా?

సాయంత్రం వాణ్ణి పిల్లల జైలుకి తీసుకెళ్ళే వ్యాను స్టేషన్ ముందుకొచ్చింది. ఎక్కబోతూ అల్లుడు తలెత్తకుండానే అన్నాడు: "మామా, ఎర్ర సైకిలు వెనకచక్రం నట్లు బిగించలేదు. ఎక్కినవాళ్ళు పడతారు."

"నే చూస్తాలేరా. నువ్వు తొందరగా వచ్చెయ్."

తిరిగొచ్చేసరికి ఎదురుకొట్టు ముందు ఇంకో ఇద్దరు పిల్లలు నిలబడున్నారు, సైకిళ్ళు లేకుండా. మామ వాళ్ళని కసిరి తరిమేసి, కొట్టువాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి, నట్లు బిగించాడు. మేకుకి వేలాడుతున్న అల్లుడి చొక్కా తీసి ముక్కుకి అదిమిపట్టాడు. సొల్యూషన్ వాసనా లేదు, పిల్లాడి వాసనా లేదు. మళ్ళీ మేకుకే తగిలించాడు. జిగురుకి అట్టకట్టిన ఆ చొక్కా చెయ్యి, మోచేతి దగ్గర వంగినది వంగినట్టే ఉండిపోయింది.