గ్లవ్స్ కింద తాడు

"ఆపండి సార్, ఇంజన్ ఆపండి. అక్షయ పడిపోయింది."

బ్లెస్సీ కేకకి దుర్గాప్రసాద్ స్పీడ్‌బోటు ఇంజన్ కట్టేశాడు. కట్టేసినా ఊపు మీదున్న బోటు వెంటనే ఆగలేదు. వెనక తాడు ఇంకా బిగుసుకునే ఉంది. అదే బ్లెస్సీకి అర్థం కాలేదు. పడిపోయినవాళ్ళు హ్యాండిల్ వదిలేస్తారు, తాడు వదులై నీళ్ళ మీద తేలుతుంది. ఇప్పుడు మాత్రం తాడు చివర అక్షయ బోర్లా పడి, ఎడమ చెయ్యి ముందుకు చాచుకుని, మొహంతో నీళ్ళు చీల్చుకుంటూ వస్తోంది.

బ్లెస్సీ కత్తి తీసుకుని కృష్ణలోకి దూకింది.

అమ్మాయిని వెల్లకిలా తిప్పింది. వేళ్ళు ఐదూ తెరుచుకునే ఉన్నాయి. హ్యాండిల్ మాత్రం అరచేతిని వదల్లేదు. గ్లవ్స్ అంచు పైకి లాగి చూస్తే మణికట్టు చుట్టూ తెల్లటి నూలు తాడు, దాని రెండో కొస హ్యాండిల్‌కి. ముడి ఊడి రాలేదు. కోసేయాల్సి వచ్చింది. మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు.

"ఎవరు కట్టారే ఇది?"

అక్షయ నీళ్ళు కక్కింది. జెట్టీ వైపు ఒకసారి చూసి కళ్ళు మూసుకుంది.

భవానీపురం ఘాటు నుంచి గవర్నర్‌పేట నర్సింగ్‌హోమ్‌కి కారు వెళ్తున్నంతసేపూ అక్షయ తండ్రి రామకోటేశ్వరరావు ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాడు. వాళ్ళు ఎక్స్‌రే గది చేరేలోపే ఎస్సై రామతులసి వచ్చేసింది.

"ఈవిడేనండి," అన్నాడు రామకోటేశ్వరరావు, తడిబట్టల్లో గోడకి ఆనుకుని నిలబడ్డ బ్లెస్సీని చూపించి. "నా కూతుర్ని చంపబోయింది. ఈ పూటే కేసు కట్టాలి."

"నేనెందుకు చంపుతానండి?" అంది బ్లెస్సీ.

"ఎందుకా? నీ తెరచాప ఆట వదిలేసి మోటారు ఆటకి వెళ్ళిందని. వెళ్ళొద్దని ఎన్నిసార్లు చెప్పావు? లేదని చెప్పు."

లేదని ఎలా చెబుతుంది? బ్లెస్సీ చెప్పిన మాట దాదాపు అదే.

ఘాటు దగ్గర దుర్గాప్రసాద్ నడిపే క్లబ్బులో రెండు ఆటలు నేర్పుతారు. పలక మీద నిలబడి తెరచాప పట్టుకుని గాలితో నడిపే విండ్‌సర్ఫింగ్ బ్లెస్సీది. బోటు వెనక తాడు పట్టుకుని వేక్‌బోర్డు మీద జారే ఆట దుర్గాప్రసాద్‌ది. పావుగంటలో నిలబెడతామని అతని బ్యానరు. బ్లెస్సీకి బ్యానరు లేదు. ఆమె దగ్గర చేరినవాళ్ళు మధ్యాహ్నం దాకా గాలికోసం చూస్తారు. వచ్చాక పడతారు, ఎక్కుతారు, మళ్ళీ పడతారు.

మొదటిరోజు రామకోటేశ్వరరావు జెట్టీ మీద గొడుగు కింద కూర్చుని నవ్వాడు. "ఏమ్మా, ఇది ఆటా, తపస్సా? గాలికోసం ఉయ్యూరు నుంచి ఇంతదూరం రావాలా? మా మిద్దె మీదికీ వస్తది."

"నాన్నా, దీన్ని నేనే తిప్పుతున్నా," అంది అక్షయ నీళ్ళలోంచి.

"తిప్పుతున్నావులే, అక్కడక్కడే."

మర్నాడే కూతుర్ని మోటారు వైపు మార్పించాడు. అప్పుడు బ్లెస్సీ ఆయనకి నెమ్మదిగానే చెప్పింది. "అది చెడ్డ ఆట కాదండి. తొందరగా నిలబడతారు, సరదాగా ఉంటుంది. కాకపోతే వేగం మన చేతిలో ఉండదు, బోటు నడిపేవాళ్ళ చేతిలో ఉంటుంది. గాలి దగ్గర ఓపిక నేర్చుకుని వెళ్తే మంచిది."

"మీ జీతం కోసం చెప్పే మాటలు," అన్నాడాయన.

ఈరోజు ఉయ్యూరు నుంచి స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చాడు. అందరూ బండలాగుడు పందేల్లో ఎడ్లు దింపేవాళ్ళే. ఫోన్లు పట్టుకుని వరసగా నిలబడ్డారు. బోటు లాగిన ప్రతిసారీ అక్షయ చేతిలోంచి హ్యాండిల్ జారిపోయింది.

"వదిలేస్తావేంటే," అని జెట్టీ మీంచి అరిచాడు. "పందెంలో పగ్గం వదిలేసినోణ్ణి చూశావా ఎక్కడన్నా?"

స్నేహితులు నవ్వారు. అక్షయ మొహం ఎర్రబడింది. నిమ్మరసం తాగడానికి ఒడ్డుకి వెళ్ళింది. తిరిగి వచ్చాక మాత్రం లేచి నిలబడింది. జెట్టీ మీద ఈలలు. మలుపు దగ్గర పడింది.

ఇదంతా బ్లెస్సీ ఎస్సైకి చెబుతుంటే దుర్గాప్రసాద్ నేల చూపులు చూస్తున్నాడు.

"మీరేమంటారండి?" అని అడిగింది రామతులసి.

"నేను ముందుకి చూసి బోటు నడుపుతాను మేడం. వెనక అమ్మాయిని చూసే డ్యూటీ బ్లెస్సీదే. గ్లవ్స్ సరిచూడాల్సింది కూడా..." మిగతాది మింగేశాడు.

బ్లెస్సీ అతని మొహంలోకి చూసింది. కేసంటూ పడితే ఆమె కోచ్ సర్టిఫికెట్ పోతుంది. ఆ తర్వాత ఏ ఒడ్డునా ఎవరూ ఆమెకి పిల్లల్ని అప్పగించరు. ఆ సంగతి అతనికి తెలుసు.

రామతులసి ప్లాస్టిక్ కవరులోంచి బ్లెస్సీ కోసి తెచ్చిన తాడు తీసింది. "ఇది మీ క్లబ్బుదేనా?"

"కాదండి. మావన్నీ నైలాన్. నూలుతాడు నీళ్ళలో వాడం, తడిస్తే ముడి ఇంకా బిగుస్తుంది."

"అన్నీ తెలుసు," అన్నాడు రామకోటేశ్వరరావు. "తెలిసే కట్టింది. రాసుకోండి."

"రాస్తాను. ముందు అమ్మాయిని అడగనివ్వండి."

అక్షయ మంచం మీద ఉంది. ఎడమ చేతికి మోచేతి దాకా పిండికట్టు, బుగ్గ మీద నీటి దెబ్బకి కమిలిన చార. తండ్రి అందరికంటే ముందు లోపలికి వెళ్ళి కూతురి కుడిచెయ్యి పట్టుకున్నాడు.

"చెప్పు బంగారం. ఆ బ్లెస్సీయేగా? నోరు తెరిచి చెప్పక్కర్లేదు, తల ఊపు చాలు."

ఆయన గుప్పిట బిగిసింది. అమ్మాయి వేళ్ళ కొసలు తెల్లబడటం గుమ్మం దగ్గర్నుంచే బ్లెస్సీకి కనిపించింది.

"మీరు కాస్త ఆగండి," అంది రామతులసి. "అమ్మా, గ్లవ్స్ కింద తాడు ఎవరు కట్టారు?"

అక్షయ ఎస్సై వైపు చూడలేదు. తన చేతిని పట్టుకున్న చేతినే చూస్తోంది.

"పడగానే వదిలేశానక్కా," అంది, బ్లెస్సీతో. "గాలైనా మోటారైనా భయం వేస్తే చెయ్యి వదిలెయ్, ఆగిపోతావని మొదటిరోజే చెప్పావుగా. వేళ్ళన్నీ తెరిచేశా. అయినా ఆగలేదు."

"తెలుసే. చూశాను."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా," అన్నాడు రామకోటేశ్వరరావు. గొంతు మారింది. "నీరసంగా ఉంది పిల్లకి. రేపు అడుగుదురు."

"నీరసం లేదు," అంది అక్షయ.

ఒక్కో వేలూ లాక్కుంది. ఆయన మళ్ళీ అందుకోబోయాడు. ఆమె చెయ్యి దుప్పటి కిందికి తీసేసుకుంది.

"నిమ్మరసం తాగేటప్పుడు కట్టారు. కారు డిక్కీలో ఎడ్ల పలుపు ఉంటే అందులోంచి ముక్క కోసి. గ్లవ్స్ వేస్తే కనపడదన్నారు. జెట్టీ మీంచి దిగేటప్పుడు రెండో కొస హ్యాండిల్‌కి ముడేశారు. నలుగురి ముందు ఇంకోసారి జారిస్తే ఊరుకోనన్నారు."

రామతులసి పెన్ను మూత తీసింది.

"ఎవరు? పూర్తి పేరు చెప్పమ్మా."

"గుత్తికొండ రామకోటేశ్వరరావు గారు," అంది అక్షయ. "ఉయ్యూరు. మా నాన్న."