పన్నెండో గది

పొద్దున లేవగానే కోడలు చేసే మొదటి పని, ఇవాళ స్నానాలగది ఎక్కడుందో వెతుక్కోవడం. నిన్న అది పడగ్గదికి ఎడమ పక్కన ఉండేది. ఇవాళ ఆ చోట పాత పెట్టెలున్న సామాన్ల గది తీరిగ్గా కూర్చుని ఉంది. ఆ ఇంట్లో నడుమ ఖాళీ జాగా, దాని చుట్టూ గుండ్రంగా ఏడు గదులు. తెల్లవారగానే ఏడూ కదిలి ఆ జాగాలోకి వచ్చి, తిరిగి తమకు తోచిన చోట సర్దుకుంటాయి. కాపురానికొచ్చిన కొత్తలో కోడలు తువ్వాలు భుజాన వేసుకుని రెండుసార్లు నేరుగా వంటింట్లోకి నడిచింది. ఎనిమిదేళ్ళలో అలవాటైపోయింది. పోస్ట్‌మాన్ మాత్రం ఇప్పటికీ సణుగుతాడు, గుమ్మం ఇవాళ ఏ పక్కనుందో ఓ పలక మీద రాసి పెట్టొచ్చు కదా అని.

ఆఫీసులో ఆమె పని ఇంతకన్నా పెద్ద ఇంటిని డిజైన్ చేయడం. భూమి చుట్టూ కక్ష్యలో తిరిగే ఇల్లు. ఒక్కోటి బస్సంత ఉండే పన్నెండు గదుల్ని ఒక్కొక్కటిగా రాకెట్‌లో పైకి పంపి, అక్కడ ఒకదానికొకటి తగిలించి చక్రంలా చేయాలి. ఈ చక్రం చేతికి రాకముందు ఆమె ఏడేళ్ళు బోల్టుల విభాగంలో, కిటికీ లేని గదిలో, ఏ బోల్టు ఎన్ని కావాలో జాబితాలు రాసింది. ఆ రోజులు గుర్తొస్తే ఇప్పటికీ ముద్ద దిగదు.

సోమవారం తప్పు బయటపడింది. గదికీ గదికీ మధ్య అతుకులు మొత్తం పన్నెండు. ఆఫీసు పద్ధతి ప్రకారం ఒక్కో అతుకుని ఒక్కొక్కరు చూశారు. ప్రతి అతుకూ భేషుగ్గా ఉంది, ప్రతి కాగితం మీదా ముద్ర పడింది. పన్నెండు మంది పన్నెండు అతుకులు చూశారు గానీ, చక్రాన్ని చూసిన పుణ్యాత్ముడు లేడు. కోడలు అట్టముక్కలతో చిన్న నమూనా చేసి బల్లమీద పేర్చింది. పదకొండు గదులు చక్కగా కూర్చున్నాయి. పన్నెండోది దూరలేదు. ఒక్కో అతుకు దగ్గర నాలుగు వేళ్ళ పొడవున కొక్కేలు పొడుచుకొచ్చి ఉంటాయి. ఎదురుగా తిన్నగా వస్తేనే అవి లోపలికి దిగుతాయి. అటూ ఇటూ గదులు ముందే బిగుసుకుని ఉంటే పాపం చివరిది ఎటునుంచి రావాలి?

చీఫ్ బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పన్నెండో అట్టముక్కని తానే దూర్చబోయాడు. అది నలిగింది.

"అట్ట కాబట్టి నలిగింది. పైన అది కూడా కుదరదు," అన్నాడు. "శుక్రవారం దాకా చూస్తానమ్మా. అప్పటికీ దారి దొరక్కపోతే చక్రం మానేసి రైలుపెట్టెల్లా వరసగా తగిలించేద్దాం. అది పక్క విభాగం వాళ్ళు చూసుకుంటారు. నువ్వు మళ్ళీ బోల్టుల్లోకి వెళ్దువుగాని."

ఏదో సెలవు మంజూరు చేస్తున్నంత తేలిగ్గా అన్నాడు.

గురువారం పొద్దున కోడలు ఇంటి నడుమ జాగాలో నిలబడి పళ్ళు తోముకుంటూ ఏడుస్తోంది. నోట్లో బ్రష్ ఉండటంతో ఏడుపు సరిగ్గా రావడం లేదు. ఆరు గదులు అప్పటికే సర్దుకున్నాయి. గిన్నెల బరువుతో ఎప్పుడూ వెనకబడే వంటిల్లు, దూరడానికి సందు చాలక ఆమె పక్కనే నిలబడి ఉంది. అత్తగారు గరిటె పట్టుకుని వచ్చింది.

"జరగండి, జరగండి. దానికి మాత్రం చోటొద్దా?" అంటూ ఒక్కో గది గోడనీ తట్టుకుంటూ వెళ్ళింది. ఒక్కో గదీ వేలు మందం పక్కకి జరిగింది. సందు పెరిగింది. వంటిల్లు గిన్నెలు గలగలలాడిస్తూ లోపలికి వెళ్ళింది. అప్పుడు అత్తగారు ఒక్క చప్పట కొట్టింది. ఏడు గదులూ ఒకేసారి దగ్గరికి జరిగి బిగుసుకున్నాయి.

ఇది రోజూ జరిగేదే. ఆ వేళకి కోడలు ఎప్పుడూ స్నానాలగది కోసం వెతుకుతూ ఉంటుంది కాబట్టి చూడలేదు.

"అత్తయ్యా, వాటిని ముందే బిగించేయరా?"

"బిగిస్తే చివర వచ్చేదానికి చోటెక్కడిదే? అన్నిట్నీ కాస్త వదులుగా కూర్చోబెట్టి, అన్నీ వచ్చాక ఒకేసారి సర్దుకోమనాలి."

"ఒక్కొక్కటిగా బిగిస్తే?"

"ముందు బిగిసింది మిగతావాటిని లాగేస్తుంది. ఇక రెండ్రోజులు తలుపులు తెరుచుకోవు. కొత్తలో నేనూ చేశాను ఆ ఘనకార్యం. మీ మామగారు కిటికీలోంచి దిగి ఆఫీసుకెళ్ళారు."

కోడలు వేళ్ళు ముడిచి లెక్కేసింది. పదకొండు గదుల మధ్య పది అతుకులు. అతుక్కి వేలు చొప్పున వదిలితే పది వేళ్ళ చోటు. చివరి గదికి అటు నాలుగు, ఇటు నాలుగు, కావలసింది ఎనిమిదే. సంతోషంలో పేస్టు నురగ మింగేసింది.

శుక్రవారం అట్ట చక్రం అందరి ముందూ నలగకుండా కూడింది. చీఫ్ మొహం వెలిగింది గానీ, ఇంకో చిక్కుంది. డ్రాయింగు కింద 'తనిఖీ చేసినవారు' అని ఒక గడి ఉంటుంది. అలాంటి అతుకు పనిచేస్తుండగా కళ్ళారా చూసినవాళ్ళే అందులో సంతకం పెట్టాలని ఆఫీసు నియమం. అట్ట లెక్కలోకి రాదు. ఎవరు పెడతారని చీఫ్ అడిగాడు.

"మా అత్తగారు నలభై ఏళ్ళుగా చూస్తున్నారు సార్," అంది కోడలు. "మా ఇంట్లో గదులు రోజూ మారుతుంటాయి."

"అయితే మధ్యాహ్నం రమ్మను," అన్నాడు చీఫ్, గడియారం చూసుకుంటూ.

అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిసంచితో వచ్చింది. డ్రాయింగు మీద వేలు పెట్టి గది గదికీ తిరిగింది. ఒకచోట వేలు ఆగింది.

"వంటగది పక్కన మరుగుదొడ్డి ఎవరు పెట్టారు?"

"నేనేనండీ. పైపులు కలిసొస్తాయని," అన్నాడు చీఫ్.

"అక్కడ కూర్చుని తినేది పైపులు కాదుగా. మార్చండి."

చీఫ్ తన చేత్తోనే చెరిపి మార్చాడు. అత్తగారు పెన్ను మూత తీసింది. తీసి, ఆగింది.

"నేను సంతకం పెడితే మా అమ్మాయి ఎక్కడుంటుంది?"

"అంటే?"

"ఆ కిటికీ లేని గదికి పంపుతానన్నారట."

"అది చక్రం కుదరకపోతేనండీ."

"కుదిరింది కదా. ఆ మాట కూడా రాయండి. ఈ గడి కింద బోలెడు చోటుంది."

కోడలికి సిగ్గుతో చచ్చినంత పనైంది. తను రోజూ ఏం చేసి వస్తుందో అత్తగారికి పట్టదనే ఇన్నేళ్ళూ అనుకుంది.

చీఫ్ తల గోక్కుని రాశాడు: 'చక్రం పైన కూడేదాకా దీని డిజైన్ ఈమెదే.' అత్తగారు దాన్ని పైకి రెండుసార్లు చదివింది. తేదీ వేయించింది. అప్పుడు కళ్ళజోడు సర్దుకుని సంతకం మొదలుపెట్టింది. కాగితం కదలకుండా కోడలు రెండు చేతులతో అంచులు పట్టుకుంది.