వన్నూరప్ప బావి గుర్తు

నేను ఒక గడ్డపారను. అయిదడుగుల పొడవు, ఒక చివర మొన, రెండో చివర ఉలి అంచు. పుట్టుక గొప్పదేమీ కాదు. ఒక లారీ ఇరుసు విరిగి రోడ్డు పక్కన పడి ఉంటే, కమ్మరి ఈరన్న దాన్ని కొలిమిలో కాల్చి, సాగగొట్టి నన్ను చేశాడు. సమ్మెట దెబ్బలు తింటున్నప్పుడు నా మీద ఎవరూ జాలిపడలేదు. నేను కూడా మనుషుల మీద జాలిపడకూడదని ఆ రోజే అనుకున్నాను. ఆ మాట మీద నిలబడలేకపోయాను.

నన్ను కొన్నది వన్నూరప్ప. బావులు తవ్వడం అతని పని. హగరి ఏటి పక్క ఊళ్లలో ముప్ఫై బావుల దాకా మేమిద్దరం తవ్వాం. ఇంతమందికి నీళ్లు చూపించిన మనిషికి తన సొంత చేలో బావి తవ్వుకునే తీరిక యాభై ఏళ్లు దాటాక గానీ దొరకలేదు. భార్య హొన్నూరమ్మ గట్టున నిలబడి గంపలతో మట్టి లాగింది. ముప్ఫై నాలుగు అడుగుల లోతున నా మొనకు తడి తగిలింది. చుట్టుపక్కలంతా ఉప్పు నీళ్లే. ఆ ఒక్క బావిలో మాత్రం తియ్యటి నీళ్లు పడ్డాయి. వన్నూరప్ప వాటిని నాలుగేళ్లు తాగి, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. పిల్లలు లేరు. హొన్నూరమ్మకు మిగిలింది రెండెకరాల చేను, ఆ బావి, నేను. అప్పటి నుంచి ఆమె బావిని బావి అనలేదు. బిందె చంకనెత్తుకుని, మొగుణ్ని గురించి చెప్పినట్టే, "ఆయప్ప దగ్గరికి పోయొస్తా" అని బయల్దేరేది. విన్నవాళ్లు మొదట్లో నవ్వారు. తర్వాత వాళ్లకూ అదే మాట అలవాటైంది.

ఇక ఆ నేల సంగతి. ఏరు పారిన రోజుల్లో ఇసుక ఏట్లోనే ఉండేది. ఏరు ఎండిపోయాక గాలికి లేచి ఊళ్ల మీదికి నడవడం నేర్చింది. తెలుగు నేల మీద ఎడారి ఏమిటని దూరాన ఉన్నవాళ్లు వెటకారం చేస్తారు. ఆషాఢంలో ఒక్కసారి అక్కడ కళ్లు తెరిచి నిలబడితే ఆ వెటకారం తీరిపోతుంది. హొన్నూరమ్మ చేనికి పడమట నూరెకరాల ఇసుక దిబ్బలున్నాయి. కాగితాల్లో అది సర్కారు భూమి. అంటే ఎవరైనా ఏదైనా పారబోసుకోవచ్చని మనుషులు అర్థం చెప్పుకున్నారు. సారా సీసాలు, పెళ్లిళ్ల ప్లాస్టిక్ గ్లాసులు, కోళ్ల ఫారాల చెత్త, పాడైన టీవీలు ట్రాక్టర్లలో వచ్చి అక్కడ పడేవి. మేకల కాళ్లకు గాజు పెంకులు గుచ్చుకునేవి.

ఆ చెత్త మీద యుద్ధం ప్రకటించింది తిప్పేస్వామి మాస్టారు. రాయదుర్గంలో సైన్సు చెప్పి రిటైరైనవాడు. ఆదివారం ఆదివారం తనతో వచ్చేవాళ్లు కావాలని పట్నంలోనూ పల్లెలోనూ తిరిగి అడిగాడు. మొదటి ఆదివారం నలభై మంది వచ్చారు, ఎక్కువసేపు ఫోటోలు దిగారు. రెండో ఆదివారం పదిహేను మంది వచ్చారు. ఎండలు ముదిరేసరికి ఆరుగురు మిగిలారు. వాళ్లలో హొన్నూరమ్మ ఒకతె. దిబ్బ మీద గడ్డీ చెట్టూ నిలబడితే ఇసుక తన బావి దాకా రాదని మాస్టారు చెప్పిన మాట ఆమె మనసులో నాటుకుంది. ఆమెకు కావలసింది అదొక్కటే. నన్ను భుజాన వేసుకుని అందరికంటే ముందు వచ్చేది, అందరికంటే వెనక పోయేది.

రెండేళ్లు అలా గడిచాయి. గాజు ఏరారు, గోనెసంచులు నింపారు. నేను గుంతలు పొడిస్తే వాళ్లు కానుగ మొక్కలు, తాటి టెంకలు నాటారు. మొక్కలకు నీళ్లు ఆయప్ప దగ్గరి నుంచే. హొన్నూరమ్మ ఒక్కో బిందె మోసుకొచ్చి, చంటిపిల్లకు పాలు పట్టినట్టు ఒక్కో మొక్క మొదట్లో వంచేది. రెండు వందల కానుగలు మోకాలెత్తుకు లేచాయి. ఆ రోజుల్లో ఆమె నవ్వడం చూశాను. నేను ఇనుమునే, అయినా సంతోషించాను.

ఆ దిబ్బల మీద సర్కారు తుమ్మ దట్టంగా ఉండేది. ఎక్కడి నుంచో వచ్చిన ముళ్లచెట్టు అది. నీళ్లన్నీ తాగేసి పక్కన ఇంకో మొక్కను బతకనివ్వదు. దాన్ని కొంచెం కొంచెంగా తీసేయాలని మాస్టారు తీర్మానించాడు. అయితే హొన్నూరమ్మ చేనికి ఎగువన, పడమటి గట్టు మీద ఉన్న పదకొండు ముసలి తుమ్మలను మాత్రం కానుగలు ఎదిగేదాకా ముట్టుకోకూడదనుకున్నాడు. ఇసుకను పట్టి ఆపుతున్నవి అవే. ఒక ఆదివారం బకెట్టులో సున్నం కలుపుకొచ్చి ఆ పదకొండింటికీ నడుము చుట్టూ పట్టీలు వేశాడు. పట్నంలో రోడ్డు పక్క చెట్లకు అలాగే వేస్తారు, వేసిన చెట్టును ఎవరూ కొట్టరు. వచ్చినవాళ్లందరికీ ఆ మాట చెప్పాడు. హొన్నూరమ్మ ఆ రోజు లేదు. చెల్లెలి మామ పోతే బళ్లారి పక్కన ఊరికి వెళ్లింది.

సోమవారం వచ్చి చూసింది. ఆ పల్లెల్లో సున్నానికి అర్థం వేరు. బొగ్గుల బట్టీలవాళ్లు తుమ్మలు వేలంలో పాడుకుని, కొట్టాల్సిన చెట్లకు సున్నం పెట్టిపోతారు. ముప్ఫై ఏళ్లుగా అక్కడ అదే పద్ధతి. సార్ ఇన్నాళ్లకు పడమటి గట్టు మీద పని మొదలుపెట్టాడని హొన్నూరమ్మ సంబరపడింది. పట్నంవాళ్ల చేతులు మెత్తన, తుమ్మ ముళ్లకు పాపం తట్టుకోలేరు, ఆదివారానికల్లా తానే తీసేసి పెడతానని పొరుగావిడతో చెప్పింది. అయిదు రోజులు గొడ్డలీ నేనూ కలిసి పని చేశాం. వేళ్ల మొదట్లో ఇసుక తోడి నన్ను దించేది. ఒక్కో వేరూ తెగినప్పుడు చుట్టూ ఇసుక వదులై జారడం నా ఒంటికి తెలిసింది. బావులు తవ్విన గడ్డపారకు ఆ జారుడు ఏమిటో తెలియకపోదు. చెప్పడానికి నాకు నోరు లేదు.

ఆదివారం మాస్టారు గట్టెక్కి, బోడిగా ఉన్న దిబ్బను చూసి అక్కడే చతికిలబడ్డాడు. హొన్నూరమ్మ చేతుల నిండా ముళ్ల గాట్లు. మెచ్చుకుంటాడని ఎదురుచూస్తూ నిలబడింది.

"హొన్నూరక్కా, సున్నం పెట్టింది ఉంచాల్సిన చెట్లకు గదా" అన్నాడు మెల్లగా.

"సున్నం పెడితే కొట్టమని గదా సార్. బొగ్గులోళ్లు అట్లే గదా పెడ్తాండేది" అంది ఆమె. అని, అతని ముఖం చూసి, వెనక్కి తిరిగి తన బావి వైపు చూసింది. ఆ తర్వాత ఆమెకు ఎవరూ ఏమీ విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆషాఢానికి ఇంకా పాతిక రోజులున్నాయి. ఆరుగురూ రోజూ వచ్చారు. మాస్టారు స్కూలు పిల్లల తల్లిదండ్రులను బతిమాలి మరో పదిమందిని తెచ్చాడు. తాటిమట్టలు, ఈతచాపలు అడ్డం పాతి దడి కట్టారు. గాలి లేచిన నాలుగో రోజుకు దడి ఒరిగింది, పదో రోజుకు కనిపించలేదు. కానుగలు చిగురుతో సహా పూడుకుపోయాయి. వేరుశనగ చేను పోయింది. ఇసుక బావి గట్టు దాటి లోపలికి రాలడం మొదలుపెట్టాక హొన్నూరమ్మ గంప కట్టుకుని బావిలోకి దిగింది. మొగుడు తవ్వినప్పుడు మట్టి లాగిన చేతులతోనే ఇసుక లాగింది. పగలు ఆమె నాలుగు గంపలు తీస్తే తెల్లారేసరికి గాలి నలభై గంపలు పోసేది. నన్ను కూడా లోపలికి దించింది. ఇసుకలో గడ్డపార ఎందుకు పనికొస్తుంది? పొడిస్తే దిగుతుంది, తీస్తే పూడుతుంది. అంత పనికిమాలినదాన్నని నేనెప్పుడూ అనుకోలేదు. మూడో వారం ఊరివాళ్లు ఆమెను రెక్కలు పట్టుకుని బలవంతాన పైకి లాగారు, ఆమె చేతిలోని నేనూ పైకొచ్చాను.

బావి గట్టుదాకా పూడిపోయాక ఊళ్లో పంచాయతీ జరిగింది. ఇంకో నాలుగు చేలు కూడా పూడాయి మరి. చెట్లు ఎవరు కొట్టించారని అడిగారు. మాస్టారు లేచి, తానే కొట్టమన్నానని, తప్పంతా తనదేనని చెప్పాడు. జీవితంలో అబద్ధమాడని మనిషి, ఆడటం కూడా సరిగ్గా రాలేదు. హొన్నూరమ్మ గడప దగ్గర కూర్చున్నది లేచింది.

"సార్ చెప్పలా. ఎవురూ చెప్పలా. నా బుద్ధితో నేనే కొట్టినా. నా ఆయప్పను నేనే పూడ్చుకుంటి."

ఆమెను ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేదని నాకు అనిపిస్తుంది.

మర్నాడు ఆమె నన్ను తీసుకుపోయి బావి నడిమధ్యన, ఇసుకలో నిలువుగా పాతింది. ఇసుక పెరిగి నన్ను కప్పబోయినప్పుడల్లా వచ్చి, రెండు చేతులా పట్టుకుని మూరెడు పైకి లాగి మళ్లీ పాతేది. ఏదో ఒక రోజు దిబ్బ కదిలి అవతలికి పోతుందని, అప్పుడు ఎక్కడ తవ్వాలో తెలియాలని ఆమె ఆశ. అలా మూడేళ్లు నిలబడ్డాను. నా ఉలి అంచు తుప్పు పట్టింది. నా కింద చాలా లోతున తియ్యటి నీళ్లు అలాగే ఉన్నాయి. ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే.

మాస్టారు కాళ్లు పడిపోయి మంచం పట్టాడు. ఆదివారాలు మాత్రం ఆగలేదు, పాతవాళ్లు తప్పుకుని కొత్తవాళ్లు వచ్చారు. వాళ్లలో పర్వీన్ అని, గ్రంథాలయంలో పనిచేసే ఆమె. ఆమెకు అదే మొదటి రోజు, మహా ఉత్సాహం. ఒక్క పెంకు వదలకూడదని వంగి వంగి ఏరుతూ వచ్చి, ఇసుకలో జానెడు పైకి కనిపిస్తున్న తుప్పు ఇనుమును చూసింది. ఎవరి కాలికైనా గుచ్చుకుంటుందని అనుకుంది. మరో ఇద్దరిని పిలిచి, ఊపి ఊపి నన్ను పెరికింది. నేనున్న చోట గుంత ఎంతసేపు నిలుస్తుంది? గాలి దాన్ని అప్పుడే చదును చేసింది. నన్ను ట్రాక్టరు తొట్టిలో తుక్కు సంచుల మీద పడేశారు.

హొన్నూరమ్మ ఎండెక్కాక వచ్చింది. నేనుండే చోటుకు నడిచింది, ఆగింది, ఇంకో పక్కకు నడిచింది. చుట్టూ ఇసుక ఒక్కలాగే ఉంది. చేను గట్టు కూడా ఎప్పుడో మునిగిపోయింది. పర్వీన్ దగ్గరకొచ్చి, "పెద్దమ్మా, ఏమన్నా పోగొట్టుకున్నావా? వెతికి పెడతా" అంది. తర్వాత కాస్త గర్వంగా, ఇక్కడంతా తామే శుభ్రం చేశామని, ఒక పెద్ద ఇనుప కడ్డీ కూడా పీకేశామని ట్రాక్టరు వైపు చూపించింది.

హొన్నూరమ్మ నన్ను చూసింది. దగ్గరకు వచ్చి నా మొన మీద చెయ్యి వేసింది. ఇప్పుడు అరుస్తుంది, ఇప్పుడు కూలబడుతుంది అనుకున్నాను. ఆమె ఆ పిల్ల ముఖం వైపు చూసింది. చెమటలో తడిసి, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్న ముఖం.

"ఏం పోలేదమ్మా" అంది. "బాగా చేసినారు."

నేనిప్పుడు పాత ఇనుము కొట్టులో ఉన్నాను. రేపో మాపో కరిగిస్తారు, దానికి నాకు చింత లేదు. ఆ సాయంత్రం ట్రాక్టరు కదిలేదాకా నేను చూసిందే నన్ను వదలడం లేదు. హొన్నూరమ్మ వాళ్లతో పాటు గోనెసంచి పట్టుకుని గాజు పెంకులు ఏరుతూనే ఉంది. అందరూ చేతులతో ఏరుతున్నారు. ఆమె ఒక్కతె, అడుగు వేసిన ప్రతిచోటా ఒక్క క్షణం ఆగి, మడమతో ఇసుకను నొక్కి చూసుకుంటూ నడుస్తోంది.