ఊపిరి కాదు

దుప్పటికి చెరో కొస పట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు పిండుతున్నారు. ఆ లాడ్జిలో ఉతికే పని అక్కది. మేనేజరుతో సహా అందరికీ ఆమె అక్కే. అవతలి కొస పట్టుకున్నది ఇస్త్రీ చేసే మనిషి. పిండడం కాగానే అక్క గోడకు చేరగిలబడి, బుగ్గలు పూరించి, ముఖం కందగడ్డలా చేసుకుని నిలబడింది.

“ఏంటక్కా ఆ వాలకం?”

“బిగబడుతున్నానే. రోజూ బిగబట్టి వదలమంది ఆసుపత్రిలో నర్సమ్మ.”

అక్కకి గర్భసంచి జారింది. ముగ్గుర్ని కని, ఇన్నేళ్లు తడిబట్టలు మోస్తే జారదా మరి! సాయంత్రమయ్యేసరికి కాళ్ల మధ్య బంతి అడ్డంపడ్డట్టుంటుంది. ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గు. విరేచనానికి ముక్కకూడదని నీళ్లు తాగుతోంది, ఆకుకూరలు తింటోంది, దగ్గును ముదరనివ్వడం లేదు. బరువులెత్తవద్దన్న ఒక్కమాటే ఆమె చేతిలో లేదు. అయినా ఇసుమంతైనా తగ్గదేం?

ఇస్త్రీ మనిషి నెత్తి కొట్టుకుంది. “ఊపిరి కాదు నా తల్లీ, కింద! ఒంటికొస్తే ఆపుకుంటాం చూడు, అట్లా. ఊపిరి బిగబట్టి ముక్కితే ఇంకా జారుతుంది.”

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వుకి అక్క చీర తడిసింది. నవ్వు కాస్తా ఏడుపైంది. ఇన్నాళ్లూ తన ఒంటిని తనే కిందికి తోసుకుందన్నమాట!

మధ్యాహ్నం మేనేజరు కేకేశాడు. “అక్కా, ఆ పరదాలు డాబా ఎక్కించెయ్యి.” ఎత్తనంటే పని ఉండదు, ఎత్తితే ఒళ్లుండదు. అలవాటు చొప్పున తడి పరదాల బకెట్టు ఎత్తింది. మెట్ల మొదటి మలుపు చేరేలోపే లోపల ఏదో కిందికి దిగింది. బకెట్టు దించి, ఊపిరి మామూలుగా వదిలి, ఇస్త్రీ మనిషి చెప్పినట్టు కింద బిగించి చూసింది. లోపల సన్నగా ఏదో పైకి కదిలింది. అమ్మయ్య, ఇంకా తన మాట వింటోంది!

కిందికొచ్చి మేనేజరు ముందు నిలబడింది.

“నేనెత్తలేను బాబూ. గర్భసంచి జారింది. కూర్చుని మడతలు పెట్టే పనుంటే ఇప్పించు.”

అతను చూపు తిప్పేసుకున్నాడు. “అవన్నీ నాకెందుక్కా చెప్తావ్? ఎత్తేవాళ్లు బోలెడుమంది.”

“అయితే వాళ్లచేతే ఎత్తించుకో.”

ఆమెకు కోపం కూడా రాలేదు, ఓపిక లేదు. చేతులు కడుక్కుని, ఇస్త్రీ మనిషికి వెళ్లొస్తానని చెప్పి, మెల్లగా బిగిస్తూ వదులుతూ వెనక గేటు దాటింది.

మెట్ల మలుపులో పరదాల బకెట్టు అలాగే ఉంది. దాని పగులులోంచి కారిన నీళ్లు ఒక్కో మెట్టే దిగుతున్నాయి.