గాజు తలుపుకు అటూ ఇటూ

అక్క బేకరీలో పనిచేస్తుంది, చెల్లెలు గడియారాలు బాగుచేస్తుంది. చెల్లెలి కిడ్నీలు రెండూ చెడిపోతే అక్క తనదొకటి ఇచ్చింది. ఒకే రోజు, పక్కపక్క గదుల్లో ఇద్దరికీ ఆపరేషన్ జరిగింది.

అక్కది పెద్ద నోరు. ఇంట్లోవాళ్లు ఆమెను 'గంట' అంటారు. ఆపరేషనైన మర్నాడు ఆమెకు ఒళ్లు వెచ్చబడింది, కుట్ల చుట్టూ ఎర్రగా వాచింది.

"ఇదేంటమ్మా, అప్పుడే చీము పట్టిందా?" అని గోల పెట్టింది.

నర్సు చూసి నవ్వింది. "చీమూ లేదు, ఏమీ లేదు. కోత పడగానే రక్తంలోని కాపలా కణాలన్నీ అక్కడికి పరిగెత్తాయి. పాడైనదంతా ఊడ్చేసి కొత్త చర్మానికి చోటు చేస్తాయి. మొదట్లో ఈమాత్రం వాపు మామూలే. పెరిగితే మాత్రం వెంటనే చెప్పండి."

"అయితే నా ఒళ్లు కూడా నాలాగే ఊరుకోదన్నమాట!" అంది గంట. వారం తిరక్కుండానే వరండా అంతా కలియతిరగసాగింది.

చెల్లెలు మాత్రం నీరసంగానే ఉంది. ఉండబట్టలేక డాక్టరమ్మను అడిగేసింది.

"ఇద్దర్నీ ఒకే రోజు కోశారు కదండీ. అక్కకు మానిపోయింది, నాకెందుకు ఇంకా పచ్చిగా ఉంది?"

"మీ ఒంటి లెక్కలో ఆ కిడ్నీ పరాయిది. కాపలా కణాలు దాని మీద పడకుండా మందులతో వాటి జోరు తగ్గించాం. అందుకే గాయం కూడా నిదానంగా మానుతోంది. మానడం మాత్రం ఆగలేదు."

చెల్లెలి మనసు తేలికపడింది. తనలోనే ఏదో లోపముందని లోలోపల కుమిలిపోతూ వచ్చింది మరి.

ఆ సాయంత్రం గంట హడావిడిగా వచ్చి, గుమ్మం దగ్గరే గట్టిగా తుమ్మింది. తుమ్మి తనే హడలిపోయి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వెనక్కి పరిగెత్తింది. కుట్ల దగ్గర కలుక్కుమనేసరికి "అమ్మో!" అంది.

"జలుబు తగ్గేదాకా లోపలికి రాకండి. ఇప్పుడామెకు చిన్న జలుబైనా పెద్ద గొడవే," అంది నర్సు.

గంట గాజు తలుపు బయట కుర్చీ వేసుకుని ఫోన్ చేసింది.

"ఏమే, నా కిడ్నీ ఎలా ఉంది?"

"నీదేంటి? ఇచ్చేశావుగా, ఇప్పుడు నాదే."

"బుద్ధిగా పనిచేస్తోందా?"

"చేయకేం! బాత్రూం చుట్టూ తిప్పి చంపుతోంది."

తలుపుకు అటొకరు, ఇటొకరు పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఆలస్యంగానైనా చెల్లెలి గాయమూ మూసుకుంది. కుట్లు విప్పిన రోజు, జలుబు తగ్గిన గంట మాస్కు పెట్టుకుని పక్కనే కూర్చుంది. "చక్కగా మానింది," అని డాక్టరమ్మ అనగానే చెల్లెల్ని పట్టుకుని భోరుమంది. పక్క గదివాళ్లు కంగారుపడి వచ్చారు.

"ఏం లేదండీ," అంది చెల్లెలు, కళ్లు తుడుచుకుంటూ. "మా అక్క సంతోషపడుతోంది."