నత్త వేగం

లోహాల ల్యాబులో ప్రెస్ మిషన్ నడిపే బాబాయికి ఇంకో పేరు నత్త. పెట్టింది అక్కడ పరిశోధన చేసే అమ్మాయే. విసుగెత్తి పెట్టింది, పైగా ప్రెస్ ఒంటి మీద సుద్దముక్కతో 'నత్త వేగం' అని ఇంతలేసి అక్షరాలతో రాసింది కూడా. ఆయన చూశాడు, నవ్వుకున్నాడు, తన పని తాను చేసుకున్నాడు.

ఆ పని చెప్పుకోవడానికి చిన్నదే. మెగ్నీషియం మిశ్రమం కడ్డీని వేడి చేసి, ప్రెస్‌లో మోచేతిలా వంగిన దారిలోంచి నెట్టాలి. బయటికొచ్చాక కడ్డీ లావు అంతే ఉంటుంది గానీ, లోపలి రేణువులు నలిగి చిన్నవవుతాయి. పావు చుట్టు తిప్పి మళ్ళీ నెడితే ఇంకా చిన్నవి. అవి బాగా సన్నబడితే, వేడి మీద లాగినప్పుడు లోహం పుటుక్కున తెగకుండా సాగుతుంది. కాకపోతే మెగ్నీషియం మహా పెంకిది. తొందరపెట్టామా, పగిలి ఊరుకుంటుంది.

అమ్మాయి పెట్టిన ఆ తొందరలోనే ఐదు కడ్డీలు పగిలాయి. మిగిలింది ఒక్కటి. అదీ పోతే అంశం మార్చుకోమని గైడ్ మేడమ్ తేల్చి చెప్పేసింది. అంటే మూడేళ్ళ చాకిరీ నీళ్ళపాలే.

"ఈసారి మీ ఇష్టం బాబాయ్," అంది అమ్మాయి, పీక్కుపోయిన మొహంతో.

"అయితే ఆ కుర్చీలో కూర్చో. గడియారం వైపు చూశావో, బయటికి పంపించేస్తా."

ఎటు తిప్పాలో తికమక పడకుండా కడ్డీ తలమీద ఆకురాయితో గీత పెట్టాడు. నాలుగుసార్లు నెట్టేసరికి మధ్యాహ్నం దాటింది. చల్లారాక వేలితో తడిమితే ఒక్క పగులూ తగల్లేదు. అప్పటికి గానీ ఆయన మంచినీళ్ళు ముట్టలేదు.

మర్నాడు దాంట్లోంచి కోసిన చిన్న ముక్కని లాగే మిషన్‌లో, కొలిమి మధ్య బిగించారు. గంట గడిచింది. ముక్క రెట్టింపయింది. ఇంకో గంటకి నాలుగింతలు. ఆరింతలు దాటాక మిషన్ టక్కున ఆగిపోయింది. అమ్మాయి గట్టిగా కళ్ళు మూసుకుంది.

"తెగిపోయిందా బాబాయ్?"

ఆయన కొలిమి అద్దంలోంచి తొంగిచూశాడు. "తెగలేదమ్మా. మిషన్‌కే ఇంక పైకి పోవడానికి చోటు లేదు."

అమ్మాయి ఏడ్చింది, నవ్వింది, ముక్కు తుడుచుకుంది. తర్వాత తడిగుడ్డ పట్టుకుని తిన్నగా ప్రెస్ దగ్గరికి వెళ్ళింది, ఆ సుద్ద అక్షరాలు తుడిచేద్దామని.

"ఉండనీ అమ్మా," అన్నాడు బాబాయి. "రేపు ఇక్కడ పనిచేసేవాళ్ళకి స్పీడెంతో తెలియొద్దూ?"

అమ్మాయి గుడ్డ పక్కన పడేసి, సుద్దముక్క తీసుకుని, వెలిసిపోయిన అక్షరాల మీద మళ్ళీ దిద్దింది. నిదానంగా.