అక్క కోపానికి అక్షరాలు

డిసెంబరులో క్యాన్సరని పద్మకుమారి గొంతులోని స్వరపేటిక తీసేశారు. అంతకుముందు, హిందీ ప్రాంతంలోని సిద్ధగోరాలో వాళ్ల వీధి వీధంతటికీ ఆమె గొంతు తెలుసు. మూడో అంతస్తు నుంచి కేకేస్తే కింద కూరలబండి ఆగిపోయేది. ఇప్పుడు ఊపిరి కోసం మెడ మీద ఒక రంధ్రం, మాట కోసం చేతిలో ఫోను.

తోడుగా ఉండడానికి చెల్లెలు ఉజ్వల టెక్కలి నుంచి వచ్చింది. ఉజ్వల పని అక్షరాలు గీయడం. హైదరాబాదులో ఒక ప్రచురణ సంస్థకు తెలుగు ఫాంటు చేస్తూ, కంప్యూటర్ వెంటబెట్టుకుని దిగింది.

బావ కూర్మారావు ఇక్కడే పుట్టి హిందీలో చదువుకున్నవాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. అక్కకు రాయడం వచ్చింది తెలుగొక్కటే. రాసింది చదివి వినిపించే యాప్ ఒకటి ఫోన్లో వేసిచ్చాడు. అందులోంచి వార్తలు చదివే మనిషి గొంతు రాగానే పద్మకుమారి ఫోను మంచం మీదికి విసిరికొట్టింది. అప్పటినుంచి ఆమె రాసింది ఉజ్వలే బావకు చదివి చెబుతోంది.

ఒకరోజు ఉజ్వల చారులో ఉప్పు మరిచిపోయింది. పక్క గదిలోంచి అక్క మెసేజ్ పంపింది: "ఎల్లిపోవే ఇక్కణ్ణించి." ఉజ్వల ఏడుస్తూ సంచి సర్దుకుంది. అక్క పరుగున వచ్చి గుమ్మానికి అడ్డం నిలబడి, రెండు చేతులతో తన నోరు కొట్టుకుంది. ఆమె పరాచికమాడింది. గొంతుంటే చెల్లెలికి ఆ క్షణమే తెలిసేది.

హైదరాబాదు పని ఆరోజే మూలపడింది. గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా సాగి, కొసల్లో చిన్న పాదాలతో ఆగే సెరిఫ్ అక్షరాలు అక్క కోసం మొదలుపెట్టింది. మూడు రకాలు కావాలి: మామూలు మాటకు, పరాచికానికి, కోపానికి. తలకట్టు కాస్త ఎగరేస్తే పరాచికం వచ్చేసింది. కోపం మాత్రం రాలేదు. ఎంత పదునుపెట్టినా 'ల' నవ్వుతూనే ఉంది. కొసలు ముళ్లలా చేస్తే 'ర' శుభలేఖ మీద అక్షరంలా తయారైంది.

మార్చిలో డాక్టరు అక్క మెడ పక్కన గడ్డ తడిమి చూసి, ముక్క తీసి పరీక్షకు పంపాడు, ఛాతీకి స్కాన్ కూడా తీయించాడు. రిపోర్టుకు వారం పడుతుందన్నాడు. అదే రోజు హైదరాబాదు నుంచి మెయిల్ వచ్చింది, పని వేరేవాళ్లకు ఇచ్చేశామని. ఉజ్వల చదివి మూసేసి మళ్లీ 'ల' దగ్గరికే వెళ్లింది.

నాలుగో రోజు కోపం అక్షరాలు ఫోన్లో వేసి అక్కకిచ్చింది. అక్క టైపు చేసి చూపింది: "నానెప్పుడైనా ఇంత అందంగా తిట్టానేటే?"

ఉజ్వల బల్ల మీద తల వాల్చేసింది. "నావల్ల కాదక్కా. నీ గొంతు చెవుల్లో ఉంది గానీ చేతికి రావట్లేదు. ఏటి సెయ్యను?"

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. అరచేత్తో బల్ల మీద ఒక్కటి కొట్టి, చెయ్యి తియ్యకుండా అక్కడే అదిమిపట్టింది. ఆ కోపంలో పదునెప్పుడూ లేదనీ, ఉన్నదంతా బరువేననీ ఉజ్వలకు అప్పుడు తట్టింది. గీతలు కిందికి దిగేకొద్దీ లావు చేసింది. పాదాలను మొద్దుల్లా వెడల్పు చేసింది. రెండు రోజులు అక్క పక్కనే కూర్చుని, నచ్చనిదానికి తల అడ్డంగా ఊపుతూ, నచ్చినదానికి వీపు మీద చరుస్తూ పని చేయించింది.

ఆదివారం సాయంత్రం కూర్మారావు డ్యూటీ నుంచి రాగానే పద్మకుమారి ఫోను అతని ముందు పెట్టింది. తెర మీద రెండే మాటలు, కోపం అక్షరాల్లో.

"అరే, తెలుగు పఢ్నా నాకెక్కడొచ్చు?" అంటూనే ఆగిపోయాడు. "గుస్సాగా ఉన్నావేటి? నానేటి సేసినాను?"

ఉజ్వల గుండె ఎగిరింది. చదవడం రానివాడికి కోపం తెలిసిపోయింది!

"ఏటి రాసిందో సెప్పు, ఉజ్వలా."

ఆమె వంగి చూసింది. తలెత్తి అక్క ముఖంలోకి చూసింది.

"సెప్పవేటి?"

"'నాకు బయమేత్తంది' అని రాసింది, బావా."

భయానికి ఉజ్వల అక్షరాలు చేయలేదు. ఉన్న మూడింటిలో అక్క ఇవి తీసుకుంది.

కూర్మారావు బూట్లు విప్పకుండానే భార్య పక్కన కూలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "రేపు రిపోర్టు నానొక్కణ్ణే ఎల్లి తెత్తాను. నువ్వు రావద్దులే."

మర్నాడు తెచ్చాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకింది.

జూలైలో పోయేదాకా పద్మకుమారి అన్నీ ఆ కోపం అక్షరాల్లోనే రాసింది. మందుకీ, మజ్జిగకీ, నొప్పికీ అవే. మిగతా రెండూ ముట్టుకోలేదు. ఉజ్వల పక్క గదిలో భయానికి అక్షరాలు గీస్తూనే ఉంది. ఏది గీసినా వణుకుతున్నట్టు నటించే అక్షరంలాగే వచ్చింది. ఒక్కటీ అక్కకు చూపించలేదు.